తొమ్మిది దాటితే నడవని నెట్: ఒక హాస్టల్ కేస్ స్టడీ

ఇది కోస్తాలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ అమ్మాయిల హాస్టల్ కేసు. ఊరు, కాలేజీ, సంవత్సరం చెప్పను. గుర్తుపట్టే వీలు లేకుండా మనుషుల సంఖ్య, పరికరాల సంఖ్య కొంచెం అటూ ఇటూ మార్చాను. లైన్ స్పీడు, క్యూ పొడవు (లైను దగ్గర వంతు కోసం ఆగే ప్యాకెట్లకు, అంటే డేటా ముక్కలకు, ఎంత చోటుందో), పింగ్ (ఒక చిన్న ప్యాకెట్ వెళ్లి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం) అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. కథంతా ఆ మూడింటి లెక్కలోనే ఉంది. ఈ కేసులో అన్నిటికన్నా పెద్ద తప్పు నేను చేసిందే కాబట్టి, అది ఎలా చేశానో కూడా దాచకుండా రాస్తున్నాను.

హాస్టల్, లైను

నాలుగంతస్తుల భవనం, సుమారు 600 మంది అమ్మాయిలు. అందరికీ ఫోన్లున్నాయి, చాలామందికి ల్యాప్‌టాప్ కూడా ఉంది. చుట్టూ పొలాలు. గదిలో తలుపు వేసుకుంటే మొబైల్ సిగ్నల్ ఒక గీత, లేదంటే అదీ ఉండదు. అంచేత అందరూ వైఫై మీదే ఆధారపడ్డారు. వరండాల్లో సీలింగుకు బిగించిన 32 యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు), అంతస్తుకో స్విచ్, కింద ఆఫీసు గదిలో గేట్‌వేగా, అంటే హాస్టల్‌కూ బయటి ఇంటర్నెట్‌కూ మధ్య గుమ్మంగా, లైనక్స్ నడిచే ఒక పాత పీసీ. దాని అవతల హాస్టల్ కోసం విడిగా తీసుకున్న 50 ఎంబీపీఎస్ (సెకనుకు 5 కోట్ల బిట్లు) లీజ్డ్ లైను.

ఆఫీసుల్లో ట్రాఫిక్ రోజంతా పరుచుకుని ఉంటుంది. హాస్టల్లో అలా కాదు. ఏడింటికి గేటు మూస్తారు, ఎనిమిదిన్నరకల్లా భోజనాలు అయిపోతాయి, తొమ్మిదింటికి 600 మందీ ఒకేసారి మంచాలెక్కి ఫోన్లు తీస్తారు. అక్కణ్ణుంచి అర్ధరాత్రి దాకా అదే జాతర. పగలంతా ఆ లైను ఖాళీగా పడుంటుంది.

వచ్చిన ఫిర్యాదు

వార్డెన్ మేడమ్ ఫోన్ చేసి చెప్పింది ఒకే ముక్క: "నెట్ రావట్లేదండీ." మా వృత్తిలో ఈ మాటకు అర్థం లేదు. కడుపులో బాగోలేదంటే డాక్టరుకు ఎంత తెలుస్తుందో, దీంతో మాకూ అంతే తెలుస్తుంది. కాస్త తరచి అడిగితే మూడు సంగతులు బయటికొచ్చాయి. వీడియోలు తిరుగుతూ తిరుగుతూ ఎలాగో నడుస్తున్నాయి. మామూలు పేజీలు తెరుచుకోవడానికే చచ్చేంత సేపు పడుతోంది. ప్లేస్‌మెంట్ల కోసం రాత్రి తొమ్మిదిన్నరకు పెట్టే ఆన్‌లైన్ మాక్ టెస్టుల్లోంచి పిల్లలు మధ్యలో బయటపడిపోతున్నారు. అసలు గొడవ ఈ మూడోదానితోనే మొదలైంది. టెస్ట్ సగంలో లాగౌట్ అయితే ఆ మార్కులు పోయినట్టే. తల్లిదండ్రులు ప్రిన్సిపాల్‌కు ఫోన్లు చేశారు.

విచిత్రం ఏంటంటే, అదే సమయంలో స్పీడ్ టెస్ట్ పెడితే 8, 10 ఎంబీపీఎస్ చూపిస్తోంది. పది ఎంబీపీఎస్ వస్తుంటే ఒక ప్రశ్న పేజీ తెరుచుకోకపోవడమేంటని ఐటీ చూసుకునే కుర్రాడు తల పట్టుకున్నాడు. పిల్లలు అబద్ధం చెబుతున్నారని కాలేజీలో ఒకరిద్దరు అనుమానించారు కూడా.

నేను రాకముందు చేసింది

యాజమాన్యం లైనును 50 నుంచి 100కు పెంచింది. నేనున్నా బహుశా అదే చెప్పేవాణ్ణి, తప్పుపట్టను. ఓ పది రోజులు అంతా బాగుంది. తర్వాత మళ్లీ మొదటికే వచ్చింది.

ఇందుకు కారణం సులువే. వీడియో యాప్‌లు దారి ఎంత వెడల్పుంటే అంత నాణ్యత ఎంచుకుంటాయి. 360పీలో నడిచే వీడియో, ఖాళీ కనిపించగానే 720పీకి ఎక్కుతుంది. నెట్ బాగైందని తెలిశాక ఇంతకుముందు విసుగొచ్చి మానేసినవాళ్లు కూడా తిరిగి వస్తారు. 50 మూడు రోజుల్లో నిండేది, 100 పది రోజులకు నిండింది.

నాకు పంపిన గ్రాఫులో వాడకం రాత్రి పూట 70 శాతం దగ్గర తిరుగుతోంది. "ఇంకా 30 శాతం మిగిలే ఉంది కదండీ" అన్నారు ప్రిన్సిపాల్. అది ఐదు నిమిషాల సగటు. ఐదు నిమిషాల్లో మూడున్నర నిమిషాలు లైను గొంతు దాకా నిండి, ఒకటిన్నర నిమిషం పూర్తిగా ఖాళీగా ఉన్నా గ్రాఫులో 70 శాతమే పడుతుంది. పైగా క్యూలో ఎదురుచూపు వాడకంతో సమానంగా పెరగదు. క్యూల లెక్కలో అతి తేలికైన నమూనా తీసుకుంటే, లైను సగం నిండినప్పుడు ఒక ప్యాకెట్ దాటడానికి పట్టే సమయం ఖాళీ లైనుకన్నా రెండింతలు. 80 శాతం దగ్గర ఐదింతలు, 90 దగ్గర పదింతలు, 95 దగ్గర ఇరవై ఇంతలు. నిజం ట్రాఫిక్ ఇంత బుద్ధిగా రాదు, గుంపులు గుంపులుగా వచ్చి పడుతుంది. కాబట్టి పరిస్థితి దీనికన్నా అధ్వానంగానే ఉంటుంది. ఆ చివరి ఐదు పది శాతంలోనే నరకమంతా ఉంది. గ్రాఫు సరిగ్గా దాన్నే నున్నగా చెరిపేస్తుంది.

మొదటిసారి వెళ్లినప్పుడు

నేను వెళ్లింది పగలు పదకొండింటికి. పిల్లలంతా క్లాసుల్లో ఉన్నారు. నెట్ పరుగులు పెడుతోంది. పింగ్ 14 మిల్లీసెకన్లు. జబ్బు రాత్రిపూట, డాక్టరు పగటిపూట. సాయంత్రం ఆరు దాటాక హాస్టల్లోకి మగవాళ్లకు ప్రవేశం లేదు, అది న్యాయమే. కానీ దానివల్ల నేను మూడు వారాలు గుడ్డిగా పనిచేశానన్నది నిజం.

కళ్లతో చూడలేం కాబట్టి గేట్‌వే లాగులు తిరగేశాను. దొరికింది. రాత్రి 9:40 నుంచి వరసగా ఒకే మెసేజీ: కనెక్షన్ల పట్టిక నిండిపోయింది, ప్యాకెట్ పారేస్తున్నాం. లోపలి చిరునామాలన్నిటినీ ఒకే బయటి చిరునామాగా మార్చే పెట్టె, ఒక్కో కనెక్షన్‌నూ ఒక పట్టికలో గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ ఆ పట్టికకు హద్దు 65,536. వెయ్యీ పన్నెండు వందల పరికరాలు ఒక్కోటి అరవై కనెక్షన్లు తెరిస్తే హద్దు దాటుతుంది. దానికి తోడు, కదలిక లేని టీసీపీ (పంపిన డేటా అందిందో లేదో చూసుకునే నెట్ పద్ధతి) కనెక్షన్‌ను లైనక్స్ మామూలుగా 4,32,000 సెకన్లు, అంటే ఐదు రోజులు గుర్తుపెట్టుకుంటుంది. సోమవారం ఫోన్ ఆఫ్ చేసినా, దాని జ్ఞాపకాలు శుక్రవారం దాకా చోటు ఆక్రమించి కూర్చోవచ్చు. పట్టికను నాలుగింతలు చేసి, ఆ ఐదు రోజుల్ని రెండు గంటలకు దించాను.

ఇది నిజమైన లోపమే. సరిచేయడమూ సరైన పనే. కానీ నిజమైన లోపం దొరకగానే అదే అసలు లోపమని మనసు తీర్మానించేస్తుంది. నేనూ అలాగే బిల్లు పంపి ఊరుకున్నాను. వారం తిరక్కుండా మళ్లీ ఫోన్.

నా తప్పు

రెండోసారి చూస్తే గేట్‌వే కౌంటర్లలో ప్యాకెట్లు పడిపోతున్న లెక్క కనిపించింది. లైను 100 అయినా, పాత వెండర్ గేట్‌వేలో 95 ఎంబీపీఎస్ దగ్గర పరిమితి పెట్టి ఉన్నాడు. దాని వెనక 1000 ప్యాకెట్ల క్యూ. రాత్రి ఆ క్యూ నిండి, కొత్తగా వచ్చినవి పడిపోతున్నాయి.

అప్పుడు నా ఆలోచన ఇలా నడిచింది. ప్యాకెట్ పడిపోతే పంపినవాడు మళ్లీ పంపాలి. అది దండగ ట్రాఫిక్. రద్దీ ఒకటి రెండు సెకన్లే ఉంటుంది కాబట్టి, ఆ కాసేపు ప్యాకెట్లను దాచుకునే చోటుంటే ఏదీ పడిపోదు. కంప్యూటర్లో మెమరీకి కొదవ లేదు. క్యూను 1000 నుంచి 10,000 చేశాను. మర్నాడు చూస్తే పడిపోయిన ప్యాకెట్ల లెక్క దాదాపు సున్నా. ఆ సున్నాను స్క్రీన్‌షాట్ తీసి రిపోర్టులో పెట్టాను కూడా.

ఫిర్యాదులు రెట్టింపయ్యాయి.

సున్నా చూసి ముచ్చటపడినవాణ్ణి కాబట్టి, తప్పు వేరే చోట ఉందనుకున్నాను. ఎవరో కొద్దిమంది సినిమాలు దించుకుంటున్నారని, ఒక్కో పరికరానికి 2 ఎంబీపీఎస్ సీలింగు పెట్టాం. పగలు ఖాళీ లైను మీద కూడా 2 దాటకపోవడంతో, ల్యాబ్ పనికి సాఫ్ట్‌వేర్ దించుకునే పిల్లలు తిట్టుకున్నారు. రాత్రి మాత్రం ఏమీ మారలేదు. ఒకేసారి వంద మంది 2 చొప్పున లాగితే 200 అవుతుంది, లైను 95. ఈ లెక్క ముందే వేసుకోవాల్సింది. నాలుగు రోజులకు ఆ సీలింగు తీసేశాం.

నోటుబుక్కు

మూడోసారి వెళ్లినప్పుడు రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ ఒకటి తీసుకెళ్లాను. దాన్ని వార్డెన్ మేడమ్ గదిలో కేలండరు కింద ప్లగ్గుకు పెట్టి, రాత్రంతా పింగ్ కొలిచేలా అమర్చాలని నా ప్లాను. నేను రాలేను కాబట్టి అదైనా అక్కడ మేలుకుని ఉంటుంది. అది బిగిస్తుండగా మేడమ్ "మా పిల్లొకతి మీతో మాట్లాడాలంటోంది" అని మూడో సంవత్సరం ఈసీఈ అమ్మాయిని పిలిపించింది.

ఆ అమ్మాయి రూళ్ల నోటుబుక్కు చివరి పేజీ తెరిచి నా ముందు పెట్టింది. ఎడమ పక్క టైము, కుడి పక్క అంకె. బ్లూ పెన్ను, మధ్యలో రీఫిల్ అయిపోయినట్టుంది, కింద సగం నల్ల ఇంకు. 8:50కి 15. 9:10కి 22. 9:25కి 640. 9:40కి 1268. 9:55కి 1274. 10:10కి 1271. 10:30కి 1276. అలా పదకొండున్నర దాకా.

"పింగ్ పెట్టి చూశాను సార్. ఒక్కటి కూడా మిస్ అవలేదు. అన్నీ వచ్చాయి, లేటుగా వచ్చాయంతే" అంది. కాసేపాగి, "కానీ సార్, 1280 ఎప్పుడూ దాటట్లేదు. ఎందుకని?" అని అడిగింది.

ఆలస్యం రద్దీ వల్లే అయితే అంకె గాలికి ఊగినట్టు ఊగాలి. ఇది సీలింగుకు తల ఆనించి నిలబడినట్టుంది. అక్కడే ఫోన్‌లో లెక్క వేశాను. ప్యాకెట్‌కు 1500 బైట్లు, అంటే 12,000 బిట్లు. పది వేల ప్యాకెట్లంటే 12 కోట్ల బిట్లు. సెకనుకు 9.5 కోట్ల బిట్లు పోయే దారిలో అవన్నీ దాటడానికి 1.263 సెకన్లు. దానికి ఖాళీ లైను పింగ్ 14 మిల్లీసెకన్లు కలిపితే 1277.

నేను పెట్టిన పదివేల క్యూ మొత్తం ఆ పేజీ మీద ఉంది.

ఏం జరుగుతోందో ఇక వేరే చెప్పక్కర్లేదు. క్యూ రెండు సెకన్ల రద్దీ కోసం కాదు, తొమ్మిదిన్నరకు నిండి పదకొండున్నర దాకా నిండుగానే ఉంటోంది. మాక్ టెస్ట్ పేజీ తెరవాలంటే ముందు ఆ సైటు పేరుకు నెట్ చిరునామా ఏంటో అడగాలి, తర్వాత టీసీపీ పలకరింపు, ఆపైన ఎన్‌క్రిప్షన్ ఒప్పందానికి ఒకటో రెండో రౌండ్లు, ఆ తర్వాతే అసలు పేజీ కోసం అడగడం. ఒక్కో రౌండుకు 1.27 సెకన్లయితే మొదటి అక్షరం రావడానికే ఐదారు సెకన్లు. ఆ పేజీ ఇంకో నాలుగైదు సర్వర్ల నుంచి ముక్కలు తెచ్చుకునేదైతే ఇదంతా మళ్లీ మొదలు. ఈలోపు టెస్ట్ పోర్టల్ విద్యార్థి లేడనుకుని తలుపేసేస్తుంది. స్పీడ్ టెస్ట్ ఏం చేస్తుంది? ఒకేసారి బోలెడు కనెక్షన్లు తెరిచి, పది సెకన్ల పాటు ఎంత వచ్చిందో తూకం వేస్తుంది. ఎంత ఆలస్యంగా వచ్చిందో దానికి పట్టదు. పిల్లలు అబద్ధం చెప్పలేదు, స్పీడ్ టెస్టూ చెప్పలేదు.

సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటుంది. ఇది నేను చదువుకున్నదే. 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్కిలీ ల్యాబుకూ, అక్కడికి 400 గజాల దూరంలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్కిలీకీ మధ్య నెట్ వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. ఆ ఉపద్రవాన్ని విప్పి చూసిన వాన్ జాకబ్‌సన్ 1988లో రాసిన పేపరు దగ్గరే టీసీపీ రద్దీ నియంత్రణ పాఠం మొదలవుతుంది. ప్యాకెట్ పడిపోవడమే పంపేవాడికి "మెల్లగా రా" అన్న కబురు. ఆ కబురు అందితేనే అవతలివాడు తగ్గుతాడు. నేను మెమరీ పోసి, పదివేల క్యూ నిండేదాకా ఆ కబురు వెళ్లకుండా ఆపేశాను. పంపేవాళ్లు అప్పటిదాకా దారి ఖాళీగానే ఉందనుకుని ఇంకా ఇంకా పంపుతున్నారు. ఈ జబ్బుకు జిమ్ గెట్టీస్ పెట్టిన బఫర్‌బ్లోట్ అనే పేరు కూడా నాకు తెలుసు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న విషయం, చేతికి పని వచ్చేసరికి గుర్తు రాలేదు.

పనిచేసినవి

ఆ రాత్రి 10:20కి ఐటీ కుర్రాడికి ఫోన్ చేసి, క్యూను తిరిగి 1000కి దించమన్నాను. ఆ అమ్మాయి మేడమ్ ఫోన్ నుంచి చదివి వినిపించింది: "142 సార్... 138... 139." లెక్క ప్రకారం రావాల్సింది 140. ఇంతకన్నా తేలిగ్గా ఏ రోగ నిర్ధారణా నాకు దొరకలేదు.

కానీ 140 కూడా మంచి అంకె కాదు. క్యూను వందకో యాభైకో కోసేస్తే? ఆలోచించాను. అప్పుడు పింగ్ దిగుతుంది కానీ, గుంపుగా వచ్చే ట్రాఫిక్‌ను కాసేపైనా పట్టుకునే చోటు లేక లైను సరిగ్గా నిండదు. ఎంత పొడవుండాలన్నది అసలు ప్రశ్నే కాదు. ఒక్కో ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందన్నది ప్రశ్న. కాథ్లీన్ నికల్స్‌తో కలిసి అదే జాకబ్‌సన్ 2012లో ఇచ్చిన కోడెల్ పద్ధతి సరిగ్గా ఇదే చూస్తుంది. ఎదురుచూపు 5 మిల్లీసెకన్లు దాటి 100 మిల్లీసెకన్ల పాటు అలాగే కొనసాగితే, ఒకటీ అరా ప్యాకెట్లు పారేయడం మొదలుపెడుతుంది. దానికి వేర్వేరు సంభాషణలకు వేర్వేరు వరసలు కలిపిందే ఎఫ్‌క్యూ-కోడెల్. ఒక పెద్ద డౌన్‌లోడ్ వెనక చిన్న పేజీ నిలబడక్కర్లేదు. చంటిబిడ్డ తల్లికి పక్క వరస ఇచ్చినట్టు, రెండు మూడు ప్యాకెట్లతో పని అయిపోయేవాటిని ముందు పంపేస్తుంది.

ఆ పాత పీసీలోని లైనక్స్‌లో అది అప్పటికే ఉంది. పైసా ఖర్చు లేదు. మర్నాడు రాత్రి పదింటికి పింగ్ 20, 30 మధ్యకొచ్చింది. లైను మాత్రం నిండుగానే ఉంది.

మాక్ టెస్టులు ఆగకుండా నడిచాయి. నేనిక్కడితో ఆగలేదు, ఎందుకంటే ఇంకో తేడా కనిపిస్తోంది. వరసలు సంభాషణకొకటి కాబట్టి, 32 కనెక్షన్లు తెరిచే డౌన్‌లోడ్ మేనేజరుకు 32 వాటాలు, ఒక్క పేజీ తెరిచే అమ్మాయికి ఒక్క వాటా. వాటా కనెక్షనుకు కాదు, మనిషికి ఉండాలి. కాలువ నీళ్లు వంతులు వేసేటప్పుడు రైతుకో వంతు వేస్తారు గానీ, ఎన్ని బోదెలు తవ్వుకున్నాడని లెక్కెట్టరు కదా. దీనికి కేక్ అనే కొత్త క్యూ పద్ధతి కావాలి. అది లైనక్స్ 4.19 నుంచే ఉంది. గేట్‌వేలో అంతకన్నా పాత వెర్షన్. దసరా సెలవుల్లో హాస్టల్ ఖాళీ అయ్యాక సిస్టమ్ మొత్తం కొత్తది ఎక్కించాం. నడుస్తున్న హాస్టల్లో ఆ పని పెట్టుకునే ధైర్యం నాకు లేదు.

పెట్టిన మొదటి రోజు ఏ తేడా లేదు. ఒక పూటంతా పోయింది. డౌన్‌లోడ్ ట్రాఫిక్‌ను గేట్‌వేలో ఇంటర్నెట్ వైపున్న బయటి నెట్‌వర్క్ కార్డు దగ్గరే పట్టుకున్నాను. అక్కడికి వచ్చేసరికి ప్యాకెట్లన్నిటి మీదా ఒకే బయటి చిరునామా ఉంటుంది, లోపలి చిరునామాగా ఇంకా మారవు. కేక్ దృష్టిలో 600 మందీ ఒక్కరే. ఒక్కరికి వాటా పంచమంటే అదేం చేస్తుంది? లోపలి కార్డు వైపుకు మార్చగానే సరిపోయింది.

పరిమితిని కూడా 95 నుంచి 92కు దించాను. దీని మీద ప్రిన్సిపాల్‌తో అరగంట నడిచింది. "100కు డబ్బు కట్టి 92 వాడుకోమంటారేంటండీ?" ఆపరేటర్ పెట్టె 100 దగ్గర కోత పెడుతుంది. వాళ్ల లెక్కలో హెడర్లూ అవీ కలుస్తాయి కాబట్టి, మన 95 ఒక్కోసారి వాళ్లకు 100 దాటుతోంది. క్యూ వాళ్ల దగ్గర పేరుకుంటే దాని మీద మనకు పెత్తనం ఉండదు. క్యూ మన గుమ్మంలోనే పేరుకోవాలి. ఇదంతా చెప్పినా ఆయన ముఖంలో నమ్మకం కనిపించలేదు. చివరికి తిరుమల సంగతి చెప్పాను. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్లు ఇంకో పది కట్టినా, గంటకు దర్శనం చేసుకునే వాళ్ల సంఖ్య పెరగదు. బయట నిలబడాల్సినవాళ్లు లోపల కూర్చుంటారు, అంతే. మనిషి గంటలు గంటలు మగ్గకుండా చేసేది టైమ్ స్లాట్ టోకెను: ఇప్పుడు కాదు, ఫలానా టైముకు రా. "మొన్న నేను చేసింది కంపార్ట్‌మెంట్లు కట్టడం, ఇప్పుడు చేసింది టోకెన్లు ఇవ్వడం" అన్నాను. ఆయన ఆ నెలే కొండకు వెళ్లొచ్చారట. సంతకం పెట్టారు.

ఇదే సమయంలో కమిటీలో ఒకాయన, "ఎలాగూ పెట్టె మార్చారు కదా, ఏ అమ్మాయి ఏం చూస్తోందో లిస్టు ఇవ్వండి" అన్నాడు. ఇవ్వనన్నాను. రద్దీ తగ్గించడానికి ఎవరు ఎంత వాడుతున్నారో తెలిస్తే చాలు, అది కూడా ఆ క్షణానికే. ఏం చూస్తున్నారో తెలియాల్సిన పని ఏ దశలోనూ రాలేదు. వార్డెన్ మేడమ్ నా పక్షాన నిలబడింది.

మూడో అంతస్తు తూర్పు వైపు

అన్ని అంతస్తులూ సర్దుకున్నాక మూడో అంతస్తు తూర్పు వైపు గదులు మాత్రం అలాగే మిగిలాయి. ఈసారి తొందరపడలేదు. ముందు బయటి ఇంటర్నెట్‌కు కాకుండా, కింద ఆఫీసులోని గేట్‌వేకే పింగ్ పెట్టమన్నాను. భవనం దాటని పింగ్‌కు 200 నుంచి 400 వస్తోంది, మధ్యలో కొన్ని పోతున్నాయి కూడా. అంటే జబ్బు లైనులో లేదు, గాల్లో ఉంది.

అక్కడి యాక్సెస్ పాయింట్ల పవర్ ఎప్పుడో ఎవరో పూర్తిగా పెంచేసి ఉంచారు. ఐటీ కుర్రాడు ఇంకో రెండు కొత్తవి కూడా తగిలించాడు. రెండూ బెడిసికొట్టాయి. మనం మైకులో అరిస్తే చివరి గదికి వినపడుతుంది. కానీ ఆ గదిలోని ఫోనుకు మైకు లేదు కదా, దాని గొంతు మనదాకా రాదు. ఫోనులో నిండుగా గీతలు కనిపిస్తాయి, డేటా కదలదు. పైగా వైఫైలో ఒక ఛానల్ మీద ఒకసారి ఒక్కరే మాట్లాడాలి. కొత్త యాక్సెస్ పాయింట్ అదే ఛానల్ మీద పెడితే పెరిగేది మాట్లాడే చోటు కాదు, వంతు కోసం ఎదురుచూసేవాళ్ల సంఖ్య.

పగలు మేడమ్‌ను వెంటపెట్టుకుని ఆ వరండాలో నడిచాను. ఖాళీ గదులు, ఖాళీ గాలి, ఏమీ తెలియలేదు. రాత్రి అంకెల కోసం యాక్సెస్ పాయింట్ల సొంత కౌంటర్లను నమ్ముకున్నాను. 2.4 గిగాహెర్ట్జ్ ఛానల్ 6 మీద గాలి 85 శాతం బిజీ. దాని మీంచి నిజంగా వెళ్తున్న డేటా 6 ఎంబీపీఎస్. మిగతా సమయం ఎవరు తింటున్నారు?

వైఫై పేరు ఒక్కోటి సెకనుకు దాదాపు పదిసార్లు "నేనున్నాను" అని బీకన్ పంపుతుంది. అందరికీ అర్థం కావాలి కాబట్టి దాన్ని అన్నిటికన్నా తక్కువ వేగంతో పంపుతుంది. ఇక్కడ అది 1 ఎంబీపీఎస్. 250 బైట్ల బీకన్‌కు ఆ వేగంలో సుమారు 2.2 మిల్లీసెకన్లు. విద్యార్థులు, స్టాఫ్, గెస్ట్, పరీక్షలు, కెమెరాలు అని ఐదు పేర్లు పెట్టారు. ఒక్క యాక్సెస్ పాయింట్ బీకన్లకే 11 శాతం గాలి. ఒకరి మాట ఒకరికి వినపడే మూడు యాక్సెస్ పాయింట్లు ఛానల్ 6 మీదే ఉన్నాయి. ఒక్క అమ్మాయి ఫోన్ తీయకముందే మూడో వంతు గాలి అయిపోయింది. దీనికి తోడు గోడల అవతల దూరపు గదుల్లోని ఫోన్లు 1, 2 ఎంబీపీఎస్‌తో నత్తనడకన మాట్లాడతాయి. అవి మాట్లాడినంతసేపూ వేగంగా మాట్లాడగలిగే పక్క ఫోన్లు నోరు మూసుకుని కూర్చోవాలి.

కొత్తగా తగిలించిన రెండూ పీకేశాం. పేర్లు ఐదు నుంచి రెండుకు దించాం. 12 ఎంబీపీఎస్ కన్నా తక్కువ వేగాల్ని పూర్తిగా ఆపేశాం. 2.4లో 1, 6, 11 ఛానళ్లను చేత్తో పంచాం. పక్కపక్కనే ఉన్నవాటిలో ఒకదాని 2.4 రేడియో ఆపి 5 గిగాహెర్ట్జ్ మాత్రమే ఉంచాం. పవర్ తగ్గించాం. చివరి నాలుగు గదులకు మాత్రం గది లోపలే చిన్న యాక్సెస్ పాయింట్లు పెట్టక తప్పలేదు. గోడలతో కుస్తీ పట్టి లాభం లేదు.

మర్నాడు పొద్దున్నే ఆరింటికి ఫోన్. హాజరు వేసే వేలిముద్రల మిషను పనిచేయడం లేదు. దానికి పాత తక్కువ వేగాల వైఫై తప్ప రాదు. మెస్‌కు వెళ్లే దారిలో వంద మంది అమ్మాయిలు దాని ముందు నిలబడి ఉన్నారు. ఆ సాయంత్రానికి దానికి వైరు లాగించాం.

మిగిలినవి

అందరూ సంతోషపడ్డారని రాయలేను. ఇంతకుముందు అదృష్టం బాగుంటే 25, 30 లాగిన కొద్దిమందికి ఇప్పుడు రాత్రి పదింటికి రెండు మూడే వస్తోంది. వాళ్ల దృష్టిలో నేను నెట్ పాడుచేసినవాణ్ణి. ఐపీఎల్ రాత్రుల్లో అందరికీ సమానంగా పంచినా వాటా మరీ చిన్నదవుతోంది. బొమ్మ మసకబారుతుంది, కానీ పేజీలు మాత్రం తెరుచుకుంటాయి. మరుసటి ఏడాది లైను 200 చేయమని నేనే రాసిచ్చాను. ఈసారి ఆ మాటకు ఆధారంగా సగటు గ్రాఫు పెట్టలేదు. లైను నిండినప్పుడు ఒక్కో మనిషికి ఎంత వాటా పడుతోందో కొలిచి పెట్టాను.

ఇప్పుడు ఏ కేసుకు వెళ్లినా, స్పీడ్ టెస్ట్ కన్నా ముందు రద్దీ వేళ పింగ్ అడుగుతాను. గేట్‌వేకు ఒకటి, బయటికి ఒకటి. పింగ్ ఒక అంకె దగ్గర సీలింగు కొట్టినట్టు ఆగితే, ఆ అంకెను లైను వేగంతో గుణించి ఏ క్యూలో పేరుకుందో వెతుకుతాను. పడిపోయిన ప్యాకెట్ల లెక్క సున్నా కనిపిస్తే మునుపటిలా సంబరపడను. ఒకసారికి ఒకే మార్పు చేస్తాను. నెట్ ఎలా ఉందని అడగడం మానేసి, ఏ టైముకు ఏం తెరిస్తే ఎంతసేపు పట్టిందో రాసిపెట్టమని ఒకరిద్దరిని అడుగుతాను. అందరూ రాయరు. రాసేవాళ్లు ఒక్కరున్నా చాలు.

నోటుబుక్కు అమ్మాయి చదువు ముగించి వెళ్లిపోయింది. రాస్ప్‌బెర్రీ పై ఇంకా మేడమ్ గదిలో కేలండరు కిందే ఉంది. మొన్న దీపావళి తర్వాత ఎందుకో చూడాలనిపించి లాగిన్ అవబోతే అవలేదు. మెమరీ కార్డు పాడై మూడు వారాలైంది. హాస్టల్ నుంచి ఒక్క ఫోన్ కూడా రాలేదు కాబట్టి నాకా సంగతి అప్పటిదాకా తెలియలేదు.